మెగా మ్యాన్ 2: ఆయుధాలు దాచుకుంటే గెలుస్తామా? అపోహలు - వాస్తవాలు

"వైలీ కోట నాలుగో స్టేజ్ బాస్ దగ్గర ఇరుక్కుపోయాను. క్రాష్ బాంబర్ ఖాళీ అయిపోయింది. ఇక ఆట మొత్తం మొదటి నుంచి ఆడాల్సిందేనా?"

కాప్‌కామ్ 1988లో తెచ్చిన వీడియో గేమ్ మెగా మ్యాన్ 2 కొత్తగా పట్టుకున్నవాళ్లు అడిగే ప్రశ్నల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చేది ఇదే. ఇందులో ఎనిమిది మంది బాస్‌లను ఓడిస్తే ఒక్కొక్కరి ఆయుధం మీకు వస్తుంది, క్రాష్ బాంబర్ వాటిలో ఒకటి. ఆ తర్వాత విలన్ డాక్టర్ వైలీ కోటలో ఆరు స్టేజ్‌లు. అడిగే తీరులోనే దిగులు తెలిసిపోతుంది. ఎనిమిది మంది బాస్‌లను ఓడించి, కోటలో మూడు స్టేజ్‌లు దాటి వచ్చాక ఒక గదిలో చేతులు కట్టేసినట్టు నిలబడాల్సి వస్తే ఎవరికైనా బెంగే. అందుకే జవాబు ముందు చెప్పేస్తున్నాను: అక్కర్లేదు. ఆట పాడవలేదు, మీరు పడ్డ శ్రమ ఎక్కడికీ పోలేదు. మిగిలిన లైఫ్‌లు కావాలనే పోగొట్టుకోండి. గేమ్ ఓవర్ తెర వస్తుంది. అందులో కంటిన్యూ ఎంచుకుంటే అదే స్టేజ్ మొదటి నుంచి మొదలవుతుంది, ఆయుధాలన్నీ నిండుగా ఉంటాయి. కంటిన్యూలకు లెక్క లేదు, ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు.

అసలు అక్కడిదాకా ఎందుకు వస్తుందో చూస్తే, దాదాపు ప్రతిసారీ వెనక ఒకే నమ్మకం కనిపిస్తుంది. మిగతా అపోహలను తర్వాత త్వరగా ముగిస్తాను. దీన్ని మాత్రం వివరంగా చెప్పాలి.

అపోహ: ప్రత్యేక ఆయుధాలు బాస్‌ల కోసం దాచుకోవాలి, దారి పొడుగునా బస్టర్‌తోనే (మొదటి నుంచీ చేతిలో ఉండే మామూలు తుపాకీ) నెట్టుకురావాలి.

వాస్తవం: దాచుకున్నది ఎక్కడా జమ కాదు. ప్రతి ఆయుధానికీ 28 గీతల శక్తి ఉంటుంది. స్టేజ్ ముగించి స్టేజ్ సెలెక్ట్ తెరకు వెళ్లి ఇంకో బాస్‌ను ఎంచుకున్నారంటే అన్నీ మళ్లీ 28కి చేరతాయి. అంటే బబుల్ మ్యాన్ స్టేజ్‌లో మీరు వాడకుండా మిగిల్చిన 20 గీతలు హీట్ మ్యాన్ స్టేజ్‌కు అదనంగా రావు. దాచిన సొమ్ము దొంగలపాలు అన్నట్టే. వాడకపోవడం వల్ల మాత్రం లైఫ్‌లు పోతాయి.

మెటల్ మ్యాన్ ఇచ్చే మెటల్ బ్లేడ్‌నే తీసుకోండి. నాలుగు చక్రాలు విసిరితే ఒక గీత తగ్గుతుంది. 28 గీతలంటే 112 చక్రాలు. పైగా ఎనిమిది దిక్కులకూ విసరొచ్చు. బస్టర్ గుండు ఎదురుగా నేరుగా తప్ప పోదు, తెర మీద ఒకేసారి మూడు గుండ్లకు మించి ఉండవు. నిచ్చెన ఎక్కుతున్నప్పుడు తల మీద నుంచి వచ్చేవాణ్ని బస్టర్‌తో కొట్టలేరు, మెటల్ బ్లేడ్‌తో ఒక్క క్షణం పని. 112 చక్రాలు చేతిలో పెట్టుకుని ఒక్కటీ విసరకుండా బాస్ తలుపు దాకా సగం ప్రాణంతో వచ్చేవాళ్లు చాలామంది. అందుకే మొదట మెటల్ మ్యాన్‌ను ఓడించమని చెబుతాం. ఆ తర్వాత ప్రతి స్టేజ్‌నూ మెటల్ బ్లేడ్ చేతిలో ఉంచుకునే మొదలుపెట్టండి.

శక్తి ఎప్పుడు నిండుతుంది, ఎప్పుడు నిండదు అన్నది గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. ఒక లైఫ్ పోతే మీ ప్రాణం బార్ నిండుతుంది కానీ ఆయుధాల శక్తి నిండదు, చనిపోయేటప్పుడు ఎంత ఉందో అంతే ఉంటుంది. గేమ్ ఓవర్ అయి కంటిన్యూ చేస్తే నిండుతుంది. ఈ రెండింటి తేడా తెలియక "చచ్చినా బాంబులు తిరిగి రాలేదు, బగ్ అనుకుంటా" అనేవాళ్లు ఉన్నారు. బగ్ కాదు, ఆట అలాగే తయారైంది.

శత్రువులు రాల్చే శక్తి గుళికల విషయంలోనూ అదే పొరపాటు. చిన్న గుళిక 2 గీతలు, పెద్దది 10 గీతలు ఇస్తుంది. కానీ ఆ సమయంలో ఏ ఆయుధం చేతిలో ఉందో దానికి మాత్రమే. బస్టర్ పట్టుకుని ఆయుధ గుళిక తీసుకుంటే అది దేనికీ చేరకుండా పోతుంది. ఖాళీగా ఉన్న ఆయుధానికి తనంతట తానే శక్తి చేర్చే ఎనర్జీ బ్యాలెన్సర్ వచ్చింది 1993 నాటి ఆరో ఆటలో. రెండో ఆటలో ఆ పని మీరే చెయ్యాలి: గుళిక కనబడగానే స్టార్ట్ నొక్కండి, మెనూలో ఖాళీ ఆయుధం ఎంచుకోండి, అప్పుడు తీసుకోండి. గుళికలు ఇంకా కావాలంటే శత్రువు ఉన్న చోటు తెర దాటిపోయేలా పక్కకు వెళ్లి వెనక్కి రండి, శత్రువు మళ్లీ పుడతాడు. ఏం రాలుస్తాడో ప్రతిసారీ ఒకేలా ఉండదు కాబట్టి కాస్త ఓపిక పట్టాలి.

దాచుకోవద్దన్నాను కదా అని అన్నిటినీ ఒకేలా ఖర్చు పెట్టకూడదు. నిజంగా చూసి వాడాల్సినవి మూడు.

మొదటిది ఫ్లాష్ మ్యాన్ ఇచ్చే టైమ్ స్టాపర్. ఒకసారి మొదలుపెడితే ఆపడం మీ చేతిలో ఉండదు, శక్తి మొత్తం అయ్యేదాకా కాలం ఆగుతుంది, ఆ సేపూ మీరు కాల్చలేరు. క్విక్ మ్యాన్ స్టేజ్‌లో తగిలితే చంపే లేజర్ కిరణాలను అది ఆపేస్తుంది. అదే ఆయుధం క్విక్ మ్యాన్ ప్రాణాన్ని, డిఫికల్ట్ స్థాయిలో, సగానికి దించుతుంది. రెండు పనులకూ ఒకే నింపుడు చాలదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. కొత్తవాళ్లు కిరణాల దగ్గరే, అదీ రెండో పొడవాటి వరసలో వాడెయ్యండి. క్విక్ మ్యాన్‌కు క్రాష్ బాంబర్ కూడా బాగానే తగులుతుంది.

రెండోది ఐటమ్-2, ఎక్కి ఎగురుకుంటూ పోయే బల్ల. హీట్ మ్యాన్ స్టేజ్‌లో కనబడి మాయమయ్యే దిమ్మెల పొడవాటి వరసను దీని మీద నేరుగా దాటెయ్యొచ్చు. ఎక్కిన క్షణం నుంచి శక్తి కరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ స్టేజ్‌లో అంతకుముందు ఎక్కడా ముట్టుకోకూడదు. ఇది ఎయిర్ మ్యాన్‌ను ఓడిస్తే వస్తుంది. ఎయిర్ మ్యాన్ కంటే ముందు హీట్ మ్యాన్ దగ్గరకు వెళ్లినవాళ్లంతా ఆ దిమ్మెల దగ్గర ఎందుకు ఏడుస్తారో ఇప్పుడు అర్థమవుతుంది.

మూడోది, ఈ వ్యాసం మొదలైన చోటు: క్రాష్ బాంబర్. ఒక్కో బాంబుకు 4 గీతలు. 28 గీతలంటే ఏడే బాంబులు. నాలుగో స్టేజ్ చివర ఉండేది బూబీమ్ ట్రాప్. ఐదు తుపాకులు గోడలకు అతుక్కుని ఉంటాయి, మధ్యలో అడ్డుగోడలు. తుపాకులన్నీ ఒకేసారి మీ మీదికి గురిపెట్టి కాలుస్తాయి. వాటికి క్రాష్ బాంబర్ తప్ప ఇంకేదీ తగలదు, అడ్డుగోడలు పగలాలన్నా అదే కావాలి. ఐదు తుపాకులకు ఐదు పోతే గోడలకు మిగిలేవి రెండు. గురి తప్పిన ప్రతి బాంబూ ఆ రెండింటిలోంచే పోతుంది. కనబడిన గోడకల్లా బాంబు పెట్టినవాళ్లకు చివర్లో ఒక తుపాకీ మిగిలిపోతుంది. ఇరుక్కుపోయామని అడిగేవాళ్లలో ఎక్కువమంది పరిస్థితి సరిగ్గా ఇదే.

చెయ్యాల్సింది ఇలా. కోటలో ఒక స్టేజ్ నుంచి ఇంకో స్టేజ్‌కు పోయినప్పుడు శక్తి నిండదు, అందుకే నాలుగో స్టేజ్ మొదట్లోనే మెనూ తెరిచి క్రాష్ బాంబర్ 28 ఉందో లేదో చూడండి. తక్కువుంటే ముందుకు వెళ్లక్కర్లేదు, గుళికలతో నింపుకోండి, లేదా గేమ్ ఓవర్ చేసుకుని కంటిన్యూ చెయ్యండి. దారిలో ఒక్క బాంబూ వాడకండి. ఈ స్టేజ్ నేలలో చూడ్డానికి గట్టిగా కనిపించే బోలు చోట్లు ఉంటాయి. బబుల్ మ్యాన్ ఇచ్చే బబుల్ లెడ్ వదిలితే బుడగ నేల మీద దొర్లుతూ పోయి బోలు చోట పడిపోతుంది, అక్కడ అడుగు పెట్టకూడదని తెలుస్తుంది. ఇలాంటి పనికి బబుల్ లెడ్‌ను పిసినారితనం లేకుండా వాడాలి.

బాస్ గదిలోకి వెళ్లాక మొదటి లైఫ్‌ను గెలవడానికి కాదు, చూడటానికి ఖర్చుపెట్టండి. ఏ తుపాకీకి నేరుగా దారి ఉంది, ఏది గోడ వెనక ఉంది, ఏ గోడను పైనుంచి దాటొచ్చు అని గమనించండి. దాటగలిగిన గోడకు బాంబు పెట్టొద్దు. ఐటమ్-1 పలకల మీద నిలబడి పైకి లేవొచ్చు, ఐటమ్-3 గోడ పట్టుకుని పైకి పాకుతుంది. వాటికి వేరే శక్తి ఉంది, బాంబులతో సంబంధం లేదు. అడ్డు లేని తుపాకులను ముందు పగలగొట్టండి. తుపాకీ తగ్గిన కొద్దీ మీ మీదికి వచ్చే గుండ్లు కూడా తగ్గుతాయి, మిగతా పని నెమ్మదిగా చేసుకోవచ్చు. బాంబు ముందు అతుక్కుని, కాసేపటికి పేలుతుంది. మొదటిది పేలకముందే తొందరపడి రెండోది వెయ్యకండి.

నాలుగు తుపాకులు పోయి ఒకటి మిగిలి, బాంబులు సున్నా అయితే? అక్కడ దూకుతూ తప్పించుకుంటూ కాలం గడపడం వల్ల ఏమీ రాదు. లైఫ్‌లు వదిలెయ్యండి, గేమ్ ఓవర్, కంటిన్యూ. 2015లో కాప్‌కామ్ పాత మెగా మ్యాన్ ఆటలను కలిపి విడుదల చేసిన లెగసీ కలెక్షన్‌లో ఆడుతూ సరిగ్గా ఈ సున్నా దగ్గరే సేవ్ చేసుకున్నవాళ్లు మరీ భయపడతారు. ఆ సేవ్ కూడా పాడవలేదు. దాన్ని తెరిచి ఇదే చెయ్యండి.

ఆరో స్టేజ్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. చివరి శత్రువు ఏలియన్‌కు బబుల్ లెడ్ ఒక్కటే తగులుతుంది. ఆ స్టేజ్‌లో పైనుంచి కారే యాసిడ్ చుక్కలే తప్ప శత్రువులు ఉండరు, అంటే వాళ్ల నుంచి గుళికలు రాలే అవకాశమే లేదు. అడుగుపెట్టగానే బబుల్ లెడ్ ఎంత ఉందో చూసుకోండి. బుడగ ముందుకు వంగి కిందికి పడుతుంది కాబట్టి ఏలియన్ కిందికి దిగినప్పుడు దూకి కాల్చాలి. పైన ఉన్నప్పుడు కాలిస్తే వృథా.

అపోహ: వేళ్లు వేగంగా ఆడేవాళ్లకే ఈ ఆట.

వేగం కంటే ముందు తెలియడం ముఖ్యం. మాయమయ్యే దిమ్మెలు ప్రతిసారీ అదే క్రమంలో, అదే వ్యవధిలో వస్తాయి. ఎయిర్ మ్యాన్ వదిలే సుడిగాలులు ముందే రాసిపెట్టిన కొన్ని అమరికల్లోంచే వస్తాయి. మెటల్ మ్యాన్ మీరు కాల్చినప్పుడల్లా ఎగిరి చక్రాలు విసురుతాడు, అంటే ఆయన ఎప్పుడు ఎగరాలో నిర్ణయించేది మీరే. ఇక బస్టర్ సంగతి: తెర మీద మూడు గుండ్లే ఉంటాయని చెప్పాను కదా, దూరం నుంచి కాలిస్తే ఆ మూడూ తగిలేదాకా నాలుగోది రాదు. దగ్గరకు వెళ్తే గుండు వెంటనే తగిలి ఖాళీ అవుతుంది, కాల్చే వేగం దానంతట అదే పెరుగుతుంది. బటన్ గట్టిగా, గబగబా నొక్కి ప్రయోజనం లేదు.

నలభై దాటినవాళ్లు "మాకు వయసైపోయింది, దూకడం ఆలస్యమవుతోంది" అంటుంటారు. చాలాసార్లు ఆలస్యం వాళ్లది కాదు, టీవీది. కొత్త టీవీలు బొమ్మను మెరుగుపరిచి చూపించడానికి కొంత సమయం తీసుకుంటాయి. ఈ ఆట సెకనుకు 60 ఫ్రేములు, అంటే ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లు. టీవీ నాలుగైదు ఫ్రేములు ఆలస్యం చేస్తే క్విక్ మ్యాన్ కిరణాలు దాటడం ఎవరికైనా కష్టమే. టీవీ సెట్టింగ్‌లలో గేమ్ మోడ్ ఆన్ చేసి మళ్లీ ఆడి చూడండి.

అపోహ: బాస్‌ల క్రమం ఒక్కటే సరైనది. ఎవరితోనైనా మొదలుపెట్టొచ్చు. ఇరుక్కోకుండా పోవాలంటే మాత్రం ఇది నప్పుతుంది: మెటల్, ఎయిర్, క్రాష్, ఫ్లాష్, క్విక్, బబుల్, హీట్, వుడ్. ఎయిర్ మ్యాన్‌కు మెటల్ బ్లేడ్ పనిచెయ్యదు, బస్టర్‌తోనే కొట్టాలి. ఆయన ఇచ్చే ఎయిర్ షూటర్ క్రాష్ మ్యాన్‌కు, మెటల్ బ్లేడ్ ఫ్లాష్‌కూ బబుల్‌కూ, బబుల్ లెడ్ హీట్‌కు, హీట్ మ్యాన్ ఇచ్చే అటామిక్ ఫైర్‌ను నిండుగా చార్జ్ చేస్తే వుడ్‌కు. బబుల్ మ్యాన్ స్టేజ్‌లోనూ ఆయన గదిలోనూ నీళ్లలో దూకితే ఎక్కువ ఎత్తు పోతారు, పైకప్పు ముళ్లు తగిలితే చావే. అక్కడ దూకే బటన్‌ను తట్టి వదలాలి, పట్టుకుని ఉండకూడదు. కోటలో ఎనిమిది మందీ మళ్లీ ఎదురయ్యేటప్పుడు మెటల్ మ్యాన్‌కు ఆయన చక్రమే విసరండి, ఒకటి రెండు దెబ్బల్లో పోతాడు.

అపోహ: క్యాసెట్‌లో బ్యాటరీ అయిపోయి సేవ్ పోయింది.

నింటెండో యంత్రాలైన ఫ్యామికామ్ (జపాన్), నెస్ (అమెరికా) మీద వచ్చిన ఆరు మెగా మ్యాన్ ఆటల్లో దేనిలోనూ సేవ్ బ్యాటరీ లేదు. "బ్యాటరీ మార్చాలి" అని డబ్బు అడిగేవాళ్లుంటే ఇవ్వకండి. మొదటి ఆటలో పాస్‌వర్డ్ కూడా లేదు, ఒకే కూర్చున్నపాటున ముగించాలి. రెండో ఆటలో 5 వరసలు, 5 నిలువు గడులున్న పాస్‌వర్డ్. చుక్కలు ఎప్పుడూ తొమ్మిదే. ఎనిమిదో పదో రాసుకుని ఉంటే రాసుకోవడంలోనే తప్పు జరిగింది. 'ఏ' (A) అనే మొదటి వరసలోని ఒక్క చుక్క మీ ఈ-ట్యాంకుల (ప్రాణం బార్ నింపే డబ్బాల) లెక్క: ఏ1 అంటే సున్నా, ఏ5 అంటే నాలుగు. మిగతా ఎనిమిదీ ఎనిమిది మంది బాస్‌లవి. ఒక్కో ఈ-ట్యాంకు పెరిగే కొద్దీ ఆ ఎనిమిది చుక్కలూ ఒక్కో గడి ముందుకు జరుగుతాయి. అందుకే ఒకే ప్రగతికి వేర్వేరు పాస్‌వర్డ్‌లు కనిపిస్తాయి, ఏదీ తప్పు కాదు. అందరు బాస్‌లూ ఓడిపోయి ట్యాంకులు లేకుంటే: ఏ1, బీ2, బీ4, సీ1, సీ5, డీ1, డీ3, ఈ3, ఈ5. నాలుగు ట్యాంకులతో: ఏ5, బీ2, బీ4, సీ1, సీ3, సీ5, డీ4, డీ5, ఈ2.

పాస్‌వర్డ్‌లో కోట స్టేజ్ నంబరు ఉండదు. ఐదో స్టేజ్‌లో ఆపేసినా మళ్లీ కోట మొదటి స్టేజ్ నుంచే. కోట ఆరు స్టేజ్‌లకు తీరిగ్గా సమయం ఉన్న రోజే మొదలుపెట్టండి.

అపోహ: బొమ్మలు మిణుకుమిణుకుమంటే క్యాసెట్ పాడైనట్టు. కాదు. ఆ యంత్రం ఒక అడ్డ గీత మీద 8 పిక్సెళ్ల వెడల్పు స్ప్రైట్‌లను (కదిలే బొమ్మల ముక్కలను) ఎనిమిదింటికి మించి గీయలేదు. అంతకంటే ఎక్కువైతే కొన్ని ఎప్పటికీ కనబడకుండా పోకూడదని ఆట వాటిని వంతులవారీగా చూపిస్తుంది. అదే మిణుకు. శత్రువులు ఎక్కువైనప్పుడు ఆట నెమ్మదించడం కూడా రోగం కాదు, ఫ్రేము సమయంలో లెక్కలన్నీ పూర్తి కావు, అంతే. చిందరవందర అక్షరాలు, తప్పుడు రంగులు వస్తే మాత్రం పిన్నులు చూడాల్సిందే. నోటితో ఊదకండి, తడి చేరి రాగికి తుప్పు పడుతుంది. ఊదితే పనిచేసినట్టు అనిపించేది తీసి మళ్లీ పెట్టడం వల్ల. 90 శాతానికి తగ్గని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి, పిన్నుల పొడవునా తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. దూది నల్లగా రావడం మానేదాకా పుల్లలు మారుస్తూ తుడవాలి. గరుకు కాగితం వాడితే పిన్నుల పై పూత పోతుంది, తర్వాత బాగుచెయ్యలేం.

మన ఇళ్లలో తొంభైల్లో టీవీ గేమ్‌లతో వచ్చిన వందల ఆటల క్యాసెట్లలో మెగా మ్యాన్ ఎందుకు లేదని అడుగుతుంటారు. వాటిలో ఎక్కువగా ఉండేవి 40 కిలోబైట్లు, అంతకంటే చిన్న ఆటలు. మెగా మ్యాన్ 2 ప్రోగ్రామ్ 256 కిలోబైట్లు, పైగా ఎంఎంసీ1 అనే అదనపు చిప్ కావాలి.

అపోహ: మెగా మ్యాన్‌ను సృష్టించింది కాప్‌కామ్ చిత్రకారుడు కీజీ ఇనాఫూనే. ఇనాఫూనేనే కాదన్నారు. 1987 డిసెంబరు 17న జపాన్‌లో రాక్‌మ్యాన్ పేరుతో వచ్చిన మొదటి ఆటకూ, 1988 డిసెంబరు 24 నాటి రెండో ఆటకూ దర్శకుడు అకిరా కితామురా. వీరుడి మూల రూపం ఆయన చేతిలోనే మొదలైంది, ఇనాఫూనే దాన్ని తీర్చిదిద్దారు.

అపోహ: నార్మల్, డిఫికల్ట్ రెండూ ఒకటే. అమెరికా కూర్పులోని డిఫికల్ట్ అసలు జపాన్ ఆట. నార్మల్‌లో బాస్‌లకు మీ దెబ్బలు దాదాపు రెట్టింపు తగులుతాయి. మొదటిసారి ఆడేవాళ్లు నార్మల్ ఎంచుకోవడంలో తప్పేమీ లేదు.

రెండో ఆట అయ్యాక మిగతావాటికి వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు. జారడం వచ్చింది 1990లో మూడో ఆటలో, బస్టర్ చార్జ్ చెయ్యడం 1991లో నాలుగో ఆటలో. రెండో ఆటలో జారే బటన్ కోసం వెతకొద్దు, లేదు. దెబ్బ తగిలి మెరుస్తున్నంతసేపూ రెండో ఆట నుంచి ముళ్లు ఏమీ చెయ్యవు, కావాలంటే ఆ క్షణంలో దాటొచ్చు. మొదటి ఆటలో మాత్రం మెరుస్తున్నా ముల్లు తగిలితే చావే. ఆ అలవాటుతో వెనక్కి వెళ్లి చాలామంది లైఫ్‌లు పోగొట్టుకుంటారు. మొదటి ఆటలోనూ ఒక ఇరుక్కుపోయే చోటుంది: ఎలెక్ మ్యాన్ స్టేజ్‌లో దిమ్మెల వెనక ఉండే మ్యాగ్నెట్ బీమ్ (నిలబడటానికి గాలిలో పలకలు వేసే పరికరం) లేకుండా కోట మొదటి స్టేజ్ దాటలేం. గట్స్ మ్యాన్ ఇచ్చే సూపర్ ఆర్మ్‌తో గానీ ఎలెక్ మ్యాన్ ఇచ్చే థండర్ బీమ్‌తో గానీ ఆ దిమ్మెలు తీసి దాన్ని తెచ్చుకోవాలి. మర్చిపోయి కోటలోకి వెళ్లిపోయినా కంగారు వద్దు. గేమ్ ఓవర్ తెరలో స్టేజ్ సెలెక్ట్ ఎంచుకుని ఎలెక్ మ్యాన్ స్టేజ్‌కు తిరిగి వెళ్లండి.